టెల్‌ఫర్ నిలబడ్డ చోటు

హెలికాప్టర్ పైలట్ మూడింటికల్లా బయలుదేరి తీరాలన్నాడు. ఒంటిగంట కావస్తోంది. పడమటి నుంచి మబ్బు కిందికి దిగుతోంది, గాలి నిమిషానికో దిక్కు మారుతోంది, రూపవతి మోకాళ్ళు ప్రతి రాయి దగ్గరా మొరాయిస్తున్నాయి. వీటన్నిటికంటే ఆమెకు ఎక్కువ చిరాకు తెప్పిస్తున్నది మాత్రం ముందు నడుస్తున్న తారక్ వీపు. ఆ మనిషి కొండ ఎక్కినా కేసు గెలిచేసినట్లే ఎక్కుతాడు.

"మేడం, చెయ్యి అందియ్యాల్నా?" అని వెనక్కి తిరక్కుండానే అడిగాడు తారక్.

"నా దగ్గర పనిచేసినన్నాళ్ళూ నీ చెయ్యి పట్టుకుని నడిపించింది నేను. ఇప్పుడు రివర్స్ గేరెందుకు? నడువు."

వాళ్ళ వెనకాల వస్తున్న టోనీ కిసుక్కున నవ్వి, వచ్చిన పని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

వచ్చిన పని నవ్వేది కాదు. పోయిన ఆదివారం ఈ లాంటర్న్ వ్యాలీలో ప్రొఫెసర్ అమరేశ్వరరావు చనిపోయారు. కెనడాలోని ఎడ్మంటన్‌లో చాలా ఏళ్ళు గ్లేసియర్ల, అంటే మంచునదుల గురించి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వందేళ్ళ కిందట ఫ్రాంక్ టెల్‌ఫర్ అనే ఆయన గుర్రాల మీద కెమెరా వేసుకుని ఈ కొండల్లోకి వచ్చి, చేత్తో హ్యాండిల్ తిప్పుతూ ఇక్కడి మంచునంతా సినిమా తీశాడు. కథ లేదు, వేషాలు లేవు. ఉన్న కొండను ఉన్నట్లు తీసిన తొలి రోజుల డాక్యుమెంటరీ అది. ప్రొఫెసర్‌గారి పిచ్చల్లా ఒక్కటే. టెల్‌ఫర్ ఎక్కడ నిలబడి తీశాడో సరిగ్గా అక్కడే నిలబడి అదే బొమ్మను మళ్ళీ తీయాలి. రెండూ పక్కపక్కన పెడితే ఎంత మంచు కరిగిపోయిందో చంటిపిల్లలకైనా అర్థమవుతుందని ఆయన వాదన.

ఆ పిచ్చి మీదే ఒక డాక్యుమెంటరీ తీస్తానంటూ నీరజ ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. దర్శకత్వం తనది, కెమెరా టోనీది. ముగ్గురూ ఈ లోయలో టెంట్లు వేసుకున్నారు. మూడో రోజు పొద్దున ప్రొఫెసర్‌గారు ఎత్తయిన రాతి అరుగు కింద తల పగిలి పడి ఉన్నారు. అరుగు మీద ఆయన స్టాండూ కెమెరా మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి.

పోలీసులు ప్రమాదమన్నారు. అప్పుడు ప్రైవేటు డిటెక్టివ్‌గా తారక్ రంగంలోకి దిగాడు. ప్రొఫెసర్‌గారి భార్య విశాలాక్షి తరఫున వెళ్ళి టోనీని కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఆ అరుగు ఎక్కమని నీరజే ముసలాయనను పోరుపెట్టిందని అతని నోట స్టేట్‌మెంట్ రాబట్టాడు. షాట్ అందంగా రావడం కోసం డెబ్బై దాటిన మనిషిని అంచుకు పంపింది గనక ఆ చావుకు ఆమే జవాబుదారీ అన్నాడు. అదే నిలబడితే నీరజకు జైలు. కేసు పెట్టాలా వద్దా అన్నది రేపు పొద్దున తేలుతుంది.

రూపవతి నీరజ పెట్టుకున్న డిటెక్టివ్. నీరజను భర్త అర్జున్ వదిలేసి మాంట్రియల్ వెళ్ళిపోతే, ఆరేళ్ళుగా ఒక్కతే అప్లికేషన్లు పెట్టుకుంటూ, గ్రాంట్లు తెచ్చుకుంటూ సినిమాలు తీసుకుంటున్న పిల్ల. "నేను సర్‌ని ఎక్కడికీ ఎక్కమనలేదు ఆంటీ, ఒట్టు" అని ఆఫీసులో కూర్చుని ఏడ్చిన రోజున రూపవతికి కడుపు తరుక్కుపోయింది. క్లయింట్ల కోసం ప్రార్థన చేయకూడదని ఆమె పెట్టుకున్న నియమం ఒకటుంది. ఆ రాత్రి దాన్ని పక్కన పెట్టేసింది.

ఈ రోజు టెంట్లు విప్పి సామాను తెచ్చుకోవడానికి నీరజకు అనుమతి దొరికింది. అదే హెలికాప్టర్‌లో డిటెక్టివులిద్దరూ ఎక్కారు. కానీ నీరజ క్యాంపు దాటి రాలేదు. "ఆ చోటు మళ్ళీ చూడలేను ఆంటీ" అని రూపవతి చేతిలో ఒక వాకీటాకీ పెట్టి, తాను ఒకటి ఉంచుకుంది. ఈ లోయలో ఫోన్లు మాట్లాడవు.

*

రాతి అరుగు పేరుకు తగ్గట్టే ఇంటి ముందు అరుగులా చదునుగా ఉంది. కాకపోతే మెట్లుండాల్సిన చోట మూడంతస్తుల గాలి ఉంది. రూపవతి అంచు దాకా వెళ్ళలేదు. వెళ్ళిన తారక్‌ను చూస్తేనే ఆమెకు అరికాళ్ళు జివ్వుమన్నాయి.

"టోనీ, ఇలా రా నాయనా. ఆ సాయంత్రం నీరజ ఏమందో, ఆమె అన్నట్టే చెప్పు."

టోనీ లండన్‌లో పుట్టిన పిల్లాడు. అంటే ఒంటారియో లండన్. అమ్మానాన్నలది భీమవరం దగ్గర. ఇప్పుడు ముప్పై నాలుగేళ్ళవాడు. తెలుగు అర్థమవుతుంది, నోటికి మాత్రం సగమే వస్తుంది.

"షీ సెడ్... సర్, దిబ్బ మీద నుంచి వద్దు, లెడ్జ్... ఈ అరుగు మీద నుంచి తీయండి. లెడ్జ్ ఈజ్ బెటర్. మూడు నాలుగు సార్లు చెప్పింది ఆంటీ. హీ జస్ట్ లాఫ్డ్."

"ఎందుకు నవ్వారు?"

"టెల్‌ఫర్ గుర్రం ఈ లెడ్జ్ ఎక్కగలదా అమ్మా, అన్నారు. తర్వాత డిన్నర్ తిన్నాం. అంతే."

"విన్నరా మేడం?" అన్నాడు తారక్. "మీ క్లయింటేమో అసలు ఆ మాటే అనలేదంటది. అబద్ధం చెప్పే మనిషిని నెత్తిన పెట్టుకుని మోస్తున్నరు."

మాట సూటిగా తగిలింది. పోలీసులతో అబద్ధమాడే క్లయింట్లను రూపవతి చాలామందిని చూసింది, క్షమించింది. తనతో అబద్ధమాడేవాళ్ళంటే మాత్రం ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఆ మంటను మింగేసి మళ్ళీ టోనీ వైపు తిరిగింది.

"ఆదివారం పొద్దున ఆయన బయలుదేరడం చూశావా?"

"నో. నిద్రపోయా. ముందు రోజంతా గేర్ మోసింది నేనే కదా. పదింటికి నీరజ లేపింది. సర్ ఇంకా రాలేదు, వెతుకుదాం అంది."

"పదింటి దాకా నీరజ ఎక్కడుంది?"

"క్యాంప్‌లోనే." టోనీ బూట్ల వైపు చూసుకున్నాడు. "ఐ గెస్."

అడగకుండా ఉండాల్సింది. ఆ ప్రశ్న తారక్ అడగాల్సినది, అతనికి తట్టనే లేదు. నీరజకు సాక్షి అవుతాడనుకున్న ఒక్క మనిషీ పదింటి దాకా గురకపెట్టి నిద్రపోయాడన్న మాట. రూపవతి నాలుక కరుచుకుని, సంచిలోంచి రెండు ప్రింట్లు బయటికి తీసింది.

మొదటిది టెల్‌ఫర్ సినిమాలోని బొమ్మ. ఎడమ వైపు నల్లగా ఒక కొండ గోడ. దాని వెనక ఎక్కడో దూరాన తెల్లటి శిఖరం. ఆ శిఖరం కొన సరిగ్గా గోడ పైమూలను ముట్టుకుంటోంది, మధ్యలో వెంట్రుక పట్టే సందు కూడా లేదు. రెండోది ప్రొఫెసర్‌గారి కెమెరాలో దొరికిన ఆఖరి ఫొటో. అదే గోడ, అదే శిఖరం. ముందు వైపు కింద ఊదారంగు పూలు, పైన కావలసినంత ఆకాశం.

"ఈ రెండిట్లో ఏది బాగుంది?" అని తారక్‌ను అడిగింది.

"ఇదేం ప్రశ్న? రెండోదే."

"అదే నాకు నచ్చడం లేదు."

మూడు రోజుల కిందట ఆమె తారక్‌కు తెలియకుండా విశాలాక్షి ఇంటికి వెళ్ళివచ్చింది. ఆవిడ కాఫీ ఇచ్చి, గంటసేపు నీరజను తిట్టి, ఆ తర్వాత భర్త తీసిన ఫొటోలు చూపించింది. గోడల నిండా ఉన్నాయి. ఒక్కటీ బాగాలేదు. ఒకదాంట్లో సగం బండరాయి, ఒకదాంట్లో కొండ నెత్తి తెగిపోయింది. "పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్క అందమైన ఫొటో తీసిన పాపాన పోలేదమ్మా ఆయన" అంది విశాలాక్షి, కళ్ళు తుడుచుకుంటూ. "నయాగరా దగ్గర నన్ను నిలబెట్టి తీస్తే నా తల లేదు. ఎప్పుడో చచ్చినవాడు ఎలా తీశాడో అలాగే రావాలంటాడు. రెండు కొండలు ఒకదాన్నొకటి ముట్టుకునేదాకా మేకలాగా అటో అడుగు ఇటో అడుగు జరుగుతూనే ఉంటాడు. అడుగడుక్కీ ఒక ఫొటో. చివరికి అన్నిట్లోంచీ ఒక్కటి ఏరతాడు."

ఇదంతా రూపవతి నోట విని తారక్ ముఖం ఎర్రబడింది. "నా క్లయింట్ ఇంటికి నాకు చెప్పకుండా పోయిన్రా?"

"నా క్లయింట్‌ని జైల్లో పెట్టడానికి నువ్వు నన్నడిగి బయలుదేరావా? ఫొటో చూడు. ఇందులో శిఖరానికీ గోడకూ మధ్య రెండు వేళ్ళ ఆకాశం ఉంది. ఈ అరుగు మీద నిలబడితే ఆ రెండూ ముట్టుకోవు. జీవితమంతా ముట్టించిన మనిషి ఇక్కడ నిలబడి బటన్ నొక్కాడంటే నేను నమ్మను."

"లెన్స్ తేడా. అప్పటి లెన్స్, ఇప్పటి లెన్స్ ఒక్కటే ఉంటదా?"

రూపవతి తన ఫోన్ తీసి శిఖరం వైపు పట్టింది. వేళ్ళతో బొమ్మను పెద్దది చేసింది, చిన్నది చేసింది. "జూమ్ చేస్తే గోడా పెద్దదవుతుంది, శిఖరమూ పెద్దదవుతుంది, వాటితో పాటే మధ్యలో ఖాళీ కూడా. మూసుకుపోదు. ఇప్పుడు చూడు." ఫోన్ అలాగే పట్టుకుని అరుగు మీద ఎడమకు నాలుగడుగులు వేసింది. గోడకూ శిఖరానికీ మధ్య ఆకాశం కొద్దిగా సన్నబడింది. "సైజు మార్చేది లెన్స్. వరస మార్చేది కాళ్ళు. అవునా టోనీ?"

"షీ ఈజ్ రైట్" అన్నాడు టోనీ. కెమెరామన్ కదా, కాదనలేకపోయాడు.

తారక్ అంత తొందరగా వదిలే రకం కాదు. "సరే. నీరజ పోరు పడలేక ఇక్కడ నుంచి గూడా ఒకటి తీసిన్రనుకుందాం. అప్పుడు నా కేసు ఇంకా గట్టిది."

"మరి సరైన చోటు నుంచి తీసినవేవి? ఆయన కెమెరా నీ భుజానే ఉంది. ఆ పొద్దున్నవి కార్డులో ఎన్నున్నాయి?"

తారక్ భుజం మీది కెమెరా పట్టీ సర్దుకున్నాడు. కెమెరాను పోలీసులు విశాలాక్షికి తిరిగిచ్చారు, ఆవిడ ఇతనికి ఇచ్చింది. కార్డు ఇప్పటికి పదిసార్లు చూసి ఉంటాడు.

"ఒక్కటే" అన్నాడు.

"అడుగడుక్కీ ఒకటి తీసే మనిషి, ఒక్కటే తీశాడు. అది కూడా అందంగా. మిగతావి ఎవరో చెరిపేశారు తారక్. ఈ ఫొటో తీసింది ప్రొఫెసర్‌గారు కాదు. ఫ్రేము పెట్టడం తెలిసిన మనిషి." ఆమె మెల్లిగా టోనీ వైపు తిరిగింది. "నువ్వేం చదువుకున్నావు టోనీ?"

టోనీకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత ముఖం జేవురించింది.

"వాట్? నేనా? ఐ నెవర్ టచ్డ్ హిజ్ కెమెరా!"

"పదింటి దాకా నిద్రపోయానన్నావు. చూసినవాళ్ళు లేరు."

"నేను తీస్తే ఆ పూలు ఉండవు ఆంటీ! చీప్‌గా ఉంటుంది, పోస్ట్‌కార్డ్‌లాగా. ఫ్రేమ్‌లో పూల కోసం నీరజతో రోజూ ఫైట్ నాకు. అడగండి ఆమెని." సంచి భుజానికి తగిలించుకున్నాడు. "ఆ స్టేట్‌మెంట్ ఇచ్చినప్పటి నుంచి ఆమె ఫేస్ చూడలేకపోతున్నా. ఇప్పుడు మీరు నన్ను మర్డరర్ అంటున్నారు. ఐ యామ్ డన్. నేను పోయి ఆమెకి ప్యాకింగ్‌లో హెల్ప్ చేస్తా. సారీ చెప్పాలి ఆమెకి."

రాళ్ళు దొర్లించుకుంటూ దిగిపోయాడు. తారక్ పిలిచినా వినలేదు.

"పారిపోతున్నడు" అన్నాడు తారక్.

"ఎక్కడికి పారిపోతాడు? చుట్టూ కొండలు, ఉన్నది ఒక్క హెలికాప్టర్" అంది రూపవతి. పైకి అలా అంది గానీ టోనీ అన్న పూల మాట చెవిలో దూరి బయటికి పోనంటోంది. ఆ మాట వెంట వెళితే ఎక్కడ తేలతానో ఆమెకు తెలుస్తూనే ఉంది. అందుకే వెళ్ళలేదు. టెల్‌ఫర్ ప్రింటు చేతిలో పట్టుకుని అరుగు దిగింది.

*

టోనీ అన్న దిబ్బ ఏదో వెతకడం కష్టం కాలేదు, ఓపిక కావలసి వచ్చింది. ఆమె బొమ్మ పట్టుకుని చెబుతుంటే తారక్ ప్రొఫెసర్‌గారి కెమెరా కంటికి పెట్టుకుని జరిగాడు. ఎడమకు వెళ్ళేకొద్దీ శిఖరం గోడ వైపు జరుగుతోంది. రెండుసార్లు దాటిపోయారు, రెండుసార్లు వెనక్కి వచ్చారు. గాలి ప్రింటును లాక్కుపోతుంటే రూపవతి దాన్ని ఛాతీకి అదుముకుని నడిచింది. వాచీ చూసుకోవడం, మబ్బును చూడడం, మళ్ళీ నడవడం. చివరికి గడ్డి పెరిగిన ఒక పొట్టి దిబ్బ మీద తారక్ ఆగిపోయాడు.

"ముట్టుకుంది" అన్నాడు. గొంతులో వెటకారం లేదు.

దిబ్బ మీద మూడు చోట్ల రాళ్ళు చిన్న కుప్పలుగా పేర్చి ఉన్నాయి. మూడూ కలిపితే ముక్కోణం. రాళ్ళ మీద నారింజ, బూడిద రంగు పాచి మందంగా అంటుకుని ఉంది. చేత్తో తిప్పే కెమెరాకు గాలే శత్రువు. కర్ర స్టాండు కాస్త ఊగినా బొమ్మంతా ఊగుతుంది. అందుకని స్టాండు కాళ్ళ చుట్టూ రాళ్ళు పేర్చి బిగించుకుని, అప్పుడు హ్యాండిల్ తిప్పేవాళ్ళు. టెల్‌ఫర్ పేర్చుకున్నవి పేర్చుకున్నట్లే ఉన్నాయి. గుర్రం హాయిగా ఎక్కి మేత మేయగల దిబ్బ ఇది. ముసలాయన నవ్వడంలో వింతేముంది?

రూపవతికి ఒక్కసారిగా ఆయన మీద జాలి పొంగుకొచ్చింది. ఎన్నాళ్ళో వెతికిన చోటు దొరికింది. ఆ రాళ్ళను చూసి ఎంత మురిసిపోయి ఉంటాడో. ఆ మురిపెం ఇంటికి తీసుకెళ్ళి భార్యకు చెప్పుకోనివ్వలేదు ఎవరో.

తారక్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక కుప్ప పక్కన గడ్డిలోంచి ఏదో ఏరాడు. చెవి మిషన్. చిన్న వేరుశనగ గింజంత ఉంది.

"ఆస్పత్రివాళ్ళు ఒక్కటే ఇచ్చిన్రు" అన్నాడు మెల్లగా. "రెండోది పడ్డప్పుడు ఎక్కడో పోయిందనుకున్నం. విశాలాక్షమ్మ దాని గురించి ఎన్నిసార్లు అడిగిందో."

ఇద్దరూ దిబ్బ వెనక వైపు చూశారు. అక్కడి నుంచి అరుగు అడుగుదాకా నేల ఏటవాలుగా దిగిపోతోంది. మనిషిని లాక్కుపోవడానికి పెద్ద బలం అక్కర్లేదు. నాచు ఒకచోట చాపలా చిరిగి ఉంది. ప్రొఫెసర్‌గారు అరుగు మీద నుంచి పడనే లేదు. ఇక్కడ, ఈ రాళ్ళ మధ్య, కన్ను కెమెరాలో పెట్టి ఉండగా వెనక నుంచి వచ్చిన దెబ్బకు పోయారు. ఆ తర్వాత కెమెరా మాత్రమే అరుగు ఎక్కింది.

"మీరు గెలిచిన్రు మేడం" అన్నాడు తారక్. "నీరజ ఆయన్ని లెడ్జ్ ఎక్కించలే. రేపు నేనే చెప్తా."

గెలుపు ఇలా ఉండకూడదు.

"తారక్, లెడ్జ్ బెటర్ అని నీరజ అన్నమాట నిజమే కదా?"

"టోనీ అబద్ధం చెప్పడు."

"అందం కోసమే అనుకున్నాం ఇద్దరం. నువ్వు తప్పన్నావు, నేను అబద్ధమన్నాను. కానీ ఎందుకన్నదో ఇద్దరమూ ఆలోచించలేదు. లెడ్జ్ మీద ఏం కనబడుతుంది అన్నది కాదు. ఇక్కడ కనబడుతూ అక్కడ కనబడనిది ఏది? ఆ కెమెరా ఇటివ్వు."

దూరాలు లాగే లెన్స్ అది. బరువుకు చేతులు ఊగాయి. రాళ్ళ కుప్ప మీద మోచేతులు ఆనించుకుని, గోడ మీద నుంచి కిందికి మెల్లిగా దింపింది. గోడ అడుగు. బూడిద రంగు రాళ్ళు. తర్వాత మంచు అంచు. టెల్‌ఫర్ బొమ్మలో అక్కడ మంచు మేడంత ఎత్తున ఉంది. ఇప్పుడు కరిగి, చిక్కి, పగుళ్ళు తేలి ఉంది. అరుగు మీద నిలబడితే ఈ మూలకు ఒక రాతి కొమ్ము అడ్డం వస్తుంది. ఇక్కడి నుంచి అడ్డమేమీ లేదు.

పగులు అంచున మంచులోంచి నారింజ రంగు ఒకటి పొడుచుకొచ్చింది. పాచి రంగు కాదు. షాపుల్లో అమ్మే జాకెట్ రంగు. జాకెట్ చెయ్యి. దాని చివర ఒక గ్లవ్.

"ప్రభువా" అంది రూపవతి.

ఆమె చూపించాక తారక్ చాలాసేపు చూశాడు. తర్వాత కెమెరా దింపాడు. జేబులోంచి ఫోన్ తీసి, దాచుకున్న ఫొటోల్లో వెతికాడు. కేసు తీసుకున్న రోజున నీరజ చరిత్ర అంతా తవ్విన మనిషి అతను. ఆమెను దెబ్బకొట్టడానికి పనికొస్తుందేమోనని ఆమె పాత పోస్టులు కూడా దాచిపెట్టాడు.

"ఆరేండ్ల కిందటిది. దీని తర్వాతనే అర్జున్ మాంట్రియల్ పోయిండని అందరికీ చెప్పింది."

ఫొటోలో నీరజ నవ్వుతోంది. పక్కన పొడుగాటి మనిషి ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, నారింజ రంగు జాకెట్‌లో. ఇద్దరి వెనకా అదే తెల్ల శిఖరం. కింద, మూలగా, పూలు.

రూపవతికి ఇప్పుడు తెలియనట్లు నటించే అవకాశం కూడా లేదు. అర్జున్ మాంట్రియల్ వెళ్ళనే లేదు, ఆరేళ్ళుగా ఆ మంచులోనే ఉండి, అది కరిగాక ఇప్పుడు బయటపడ్డాడు. నీరజ ప్రొఫెసర్‌గారిని వెతుక్కుంటూ వచ్చింది. ఆయన టెల్‌ఫర్ వెంటపడి ఎలాగూ ఈ లోయకు వస్తాడు, కెమెరా సరిగ్గా ఈ మూలకే తిప్పుతాడు. ఆపలేకపోతే పక్కనుండి మరోవైపు తిప్పించాలనుకుంది. ఆయన వినలేదు. వినకపోగా చూసేశాడు. ఆయన కెమెరా అరుగెక్కించి ఒక ఫొటో తీసేటప్పుడు కూడా ఆ పిల్ల చెయ్యి ఊరుకోలేదు. ఎలాగోలా నొక్కేసి పోతే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. అందంగా తీసింది.

ఈ పిల్ల కోసమే తాను ప్రార్థన చేసింది. సిగ్గూ కోపమూ కలిసి రూపవతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే ఇంకొకటి తట్టి నీళ్ళు ఆగిపోయాయి.

"టోనీ! వాణ్ణి అనరాని మాటలని కిందికి తోలింది నేనే తారక్. ఆమె దగ్గరికే వెళ్ళాడు."

నడుముకున్న వాకీటాకీ చిటపటలాడింది. "ఆంటీ? వినబడుతోందా?" నీరజ గొంతు ప్రశాంతంగా ఉంది. "ఎంతవరకు వచ్చింది మీ పని?"

రూపవతి బటన్ నొక్కింది. "అయిపోవచ్చిందమ్మా. నువ్వెక్కడున్నావు?"

"ఇంకెక్కడుంటా ఆంటీ, టెంట్లోనే. బట్టలు సర్దుతున్నా."

"టోనీ వచ్చాడా?"

"లేదే. మీతోనే ఉన్నాడనుకున్నా."

తారక్ అప్పటికే కెమెరా క్యాంపు వైపు తిప్పాడు. టెంటు తలుపు తెరుచుకుని గాలికి కొట్టుకుంటోంది. లోపల ఎవరూ లేరు. లెన్స్ వెనక్కి, మంచు వైపు తిరిగింది. తిరిగి, ఆగిపోయింది. కెమెరా రూపవతికి ఇచ్చాడు.

పగులు అంచున, నారింజ రంగుకు పది అడుగుల దూరంలో, నీలం జాకెట్‌లో నీరజ కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఉంది. ఒక చేతిలో వాకీటాకీ. నడుముకు చుట్టుకున్న తాడు ఇంకో చేతిలోంచి బిగుతుగా పగుల్లోకి దిగిపోయింది. తాడు కింది కొసన ఎవరున్నారో కనబడడం లేదు. టోనీ మాత్రం ఎక్కడా లేడు.

"నీరజా" అంది రూపవతి. "బయట చలిగా ఉంది. టెంట్లోనే ఉండమ్మా. మేం వచ్చేస్తున్నాం."

తనెంత జాగ్రత్తగా మాట్లాడినా ఏదో దొరికిపోయింది. లెన్స్‌లో నీలం జాకెట్ మెల్లిగా ఇటు తిరిగింది. మొదట అరుగు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. తర్వాత తల కొద్దికొద్దిగా పక్కకు జరిగి, సరిగ్గా దిబ్బ మీద ఆగింది. జాకెట్ టోపీ నీడలో ముఖం తెలియడం లేదు. అయినా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారని రూపవతికి తెలిసిపోయింది.

వాకీటాకీ మళ్ళీ చిటపటలాడింది.

"మీరు లెడ్జ్ మీద లేరు" అంది నీరజ.

"లేను."

"సర్ కూడా అక్కడే నిలబడ్డారు. ఎంత చెప్పినా వినలేదు." ఆమె గొంతు ఇప్పుడూ ప్రశాంతంగానే ఉంది. "కింద టెల్‌ఫర్ రీళ్ళ పెట్టె ఇరుక్కుందని చెప్పా. టోనీ మురిసిపోయాడు పాపం. సారీ చెబుతూ చెబుతూనే దిగాడు. వాడి తాడు నా చేతిలో ఉంది ఆంటీ. చెయ్యి నొప్పి పుడుతోంది. ఆ కెమెరా కింద పెట్టేయండి. తారక్‌ని కూడా పెట్టేయమనండి. పెట్టేసి, సర్ లెడ్జ్ మీద నుంచే పడ్డారని పోలీసులకు మీరే చెప్పండి."

రూపవతి కెమెరా దించలేదు. తాడు మీద ఉన్న ఆ చేతినే చూస్తోంది. వేళ్ళు ఒక్కొక్కటే సడలుతున్నాయి.

"మీరు నా తరఫున కదా ఆంటీ?"